హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? దెయ్యం కన్నా ముందు మనిషిని ఎంచుకోండి

నెల్లూరులోనో ఒంగోలులోనో నలుగురు కుర్రాళ్లు కలిసి హారర్ షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటే ముందుగా వెతికేది పాడుబడ్డ బంగళా. తర్వాత తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు. కథ సంగతి అన్నిటికన్నా ఆఖర్న గుర్తొస్తుంది. అందుకే అలాంటి సినిమాలు మూడో నిమిషానికే చప్పబడిపోతాయి. ఆకారం ఎంత భయంకరంగా ఉన్నా రెండోసారి చూసేసరికి కళ్లు అలవాటు పడతాయి. పక్క మంచంలో పడుకున్న మనిషి ఏం చేయగలడో తెలిశాక మాత్రం నిద్ర పట్టదు.

కాబట్టి లొకేషన్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది, మనిషిలోని ఏ గుణం మీద సినిమా నిలబడుతుందనేది. షార్ట్ ఫిల్మ్‌కి పనికొచ్చేవి ముఖ్యంగా ఐదు: చేసిన తప్పును దాచడం, పక్కవాడి మీద అనుమానం, దురాశ, గుంపు, ఒకడి చేతిలో అధికారం. మా సలహా ముందే చెప్పేస్తాం. చేతిలో ఒక ఫోను, ఇద్దరు ముగ్గురు నటులు, రెండు రాత్రుల టైము మాత్రమే ఉంటే మొదటిదో రెండోదో తీసుకోండి. దురాశ కథకు సామాను ఎక్కువ కావాలి. అధికారం కథకు బాగా చేయగల నటుడు దొరకాలి. గుంపు కథ తొలి సినిమాకు వద్దు.

దెయ్యం ఒక్కటే ఎందుకు చాలదు

ఉలికిపాటు వేరు, భయం వేరు. పెద్ద శబ్దం హఠాత్తుగా వినపడితే కళ్లు మూసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి. మనం ఆలోచించేలోపే శరీరం చేసేసే పని ఇది. దీనికి కథ అక్కర్లేదు, వెనకాల టపాకాయ పేల్చినా అదే జరుగుతుంది. పైగా అదే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంటే శరీరం స్పందించడం తగ్గిస్తుంది. పన్నెండు నిమిషాల సినిమాలో ఉలికిపాటు ఒక్కటి చాలు, మహా అయితే రెండు. ఐదు పెడితే మూడోదాని దగ్గర నుంచి జనం నవ్వుతారు.

భయానికి మాత్రం తెలియడం కావాలి. పాత్రకు తెలియనిది చూసేవాళ్లకు తెలియాలి, లేదా పాత్ర దాచిపెడుతున్నది వాళ్ల కంటపడాలి. 2005 నాటి చంద్రముఖిలో పీడ అనుకున్నది గంగ మనసులోంచే వచ్చిందని తేలాక కథలో బరువు పెరిగింది గానీ తగ్గలేదు. ఎందుకంటే అప్పటిదాకా మూసిన గదిలో ఉందనుకున్నది భర్త పక్కనే తిరుగుతున్న భార్యలో ఉందని తెలిసింది.

కథ నిలబడుతుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. దెయ్యాన్ని పూర్తిగా తీసేసి కథను ఐదు వాక్యాల్లో చెప్పండి. ‘కొత్త జంట ఇంట్లో దిగింది, అక్కడున్న దెయ్యం భార్యను పట్టింది’ అన్న కథలో దెయ్యాన్ని తీస్తే ఏమీ మిగలదు. ఇది చూడండి. ఆ ఇంటి సంపులో ఇంతకుముందు ఒక పిల్ల పడి చనిపోయింది. ఆ సంగతి చెబితే ఎవరూ అద్దెకు రారని ఓనరు దాచాడు. సంపు మూత ఇప్పటికీ సరిగ్గా పడదు. కొత్తగా దిగినవాళ్ల మూడేళ్ల పిల్లాడు రోజూ దాని పక్కనే ఆడుకుంటున్నాడు. ఓనరు మేడ మీద నుంచి చూస్తాడు, ఏమీ అనడు. ఇందులో దెయ్యం లేదు, భయం మాత్రం మొత్తం ఉంది. కావాలంటే దెయ్యాన్ని తర్వాత కలుపుకోవచ్చు.

మొదటి ఎంపిక: చేసిన తప్పును దాచినవాడు

తొలి సినిమాకు దీన్ని మించింది లేదు. ఇద్దరు నటులు, ఒక చోటు, ఒక రాత్రి ఉంటే చాలు. భయపెట్టాల్సింది బయటి నుంచి రాదు కాబట్టి మేకప్ ఖర్చు, గ్రాఫిక్స్ ఖర్చు ఉండవు. తప్పు చేసినవాడికి మామూలు శబ్దం కూడా తనను పిలుస్తున్నట్టే ఉంటుంది. కెమెరా చేయాల్సిందల్లా వాడి చెవిని, చూపును అనుసరించడమే.

ప్రకాశం జిల్లాలో ఈ కథకు పొగాకు బ్యారన్ కన్నా, అంటే పచ్చాకును వేడితో ఎండబెట్టే గది కన్నా, మంచి చోటు దొరకదు. ఆకు పండుబారడానికి సుమారు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఈనె ఎండేసరికి 160 దాకా మెల్లమెల్లగా వేడి పెంచుతారు. ఒక కాల్పు దాదాపు వారం నడుస్తుంది. అన్ని రాత్రులూ ఒకరు మేలుకుని పొయ్యి చూడాలి. చిన్న కిటికీలోంచి టార్చి వేసి లోపలి థర్మామీటరు చదవాలి. కర్రకు కట్టిన ఆకు జారి వేడి గొట్టం మీద పడితే నిప్పంటుకుంటుంది, ఒక్కోసారి బ్యారన్ మొత్తం తగలబడుతుంది. కునుకు తీయకూడని కాపలా, ఒక్క ఆకు పడితే ఏడాది కష్టం బూడిదయ్యే పని, చుట్టూ చీకటి. భయానికి కావాల్సినవన్నీ ఆ పనిలోనే ఉన్నాయి.

కథ ఇలా అల్లుకోవచ్చు. పోయినేడు బ్యారన్ తగలబడ్డ రాత్రి నిద్రపోయింది కాపలా ఉన్న నడివయసు మనిషి. నింద మాత్రం తోటి కూలీ మీద పడింది. ఆ కూలీ మళ్లీ కనపడలేదు. ఈ ఏడు కాపలాకు తోడుగా ఆ కూలీ కొడుకునే పంపారు. కుర్రాడికి ఏమైనా తెలుసా, తెలియదా? సినిమా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

షాట్లు వేసుకునేటప్పుడు ఈ వరస పాటించండి. మొదటి రెండు నిమిషాలు పని మాత్రమే చూపండి: పొయ్యిలో కట్టె వేయడం, టార్చి, థర్మామీటరు, మళ్లీ మంచం. చూసేవాడికి ఆ పని లయ పట్టుబడాలి. మూడో నిమిషంలో కుర్రాడు మామూలుగా ఒక మాట అడగాలి: ‘ఆ రాత్రి మా నాయన ఏ పక్కన పడుకున్నాడు మామా?’ జవాబు చెప్పడానికి ముందు ఐదారు సెకన్లు కెమెరాను పెద్దాయన ముఖం మీదే ఉంచండి, కట్ చేయొద్దు. తర్వాత మొదటి రెండు నిమిషాల్లో చూపిన పనులే మళ్లీ చూపండి, ప్రతిసారీ ఒక్కటి మారాలి. మంచం ఖాళీగా ఉంటుంది. ఇంకోసారి టార్చి పెట్టిన చోట ఉండదు. ఆఖరుకు లోపల ఆకు రాలిన చప్పుడు వినపడుతుంది, పెద్దాయన ఒక్కడే లోపలికి పోవాలి, తలుపు బయట కుర్రాడు నిలబడి ఉంటాడు. తలుపు మూశాడా లేదా అన్నది చూపకపోయినా సినిమా పూర్తవుతుంది.

ఈ రకం కథల్లో చెడేది ఎక్కువగా ఒకే చోట. దర్శకుడికి ఓపిక చాలక, తప్పు ఏమిటో ఫ్లాష్‌బ్యాక్‌లో మొత్తం చూపించేస్తాడు. చూపించిన క్షణం నుంచి అది నేర పరిశోధన సినిమా అయిపోతుంది. తప్పు ఏమిటో మాటల్లో సగం, వస్తువులో సగం తెలియాలి. సగం కాలిన తువ్వాలు ఒకటి చాలు. రెండో పొరపాటు, తప్పు చేసినవాడిని దుర్మార్గుడిగా చూపడం. వాడు మంచివాడై, ఒకే ఒక్కసారి పిరికితనానికి లొంగినవాడైతేనే చూసేవాడు తనను తాను అక్కడ పెట్టుకుంటాడు.

నిజం బ్యారన్‌లో కాల్పు నడుస్తుండగా షూటింగ్ పెట్టుకోవద్దు. లోపలి వేడికి మనిషి తట్టుకోలేడు, రైతు పంట మొత్తం అందులో ఉంటుంది. సీజన్ అయిపోయాక ఖాళీ బ్యారన్ అడిగితే ఇస్తారు. పొయ్యి మంట షాట్లు మాత్రం సీజన్‌లో బయట నుంచి, రైతు పక్కనుండగా తీసుకుని దాచుకోండి.

రెండో ఎంపిక: పక్కవాడి మీద అనుమానం

1982లో వచ్చిన హాలీవుడ్ సినిమా ది థింగ్‌లో మంచు ఖండంలో చిక్కుకున్న పన్నెండు మంది మగవాళ్లుంటారు. వాళ్లలో ఎవరి రూపమైనా ధరించగల జీవి ఒకటి లోపలికి వచ్చింది. రక్తంలో కాల్చిన తీగ ముంచి ఎవరు మనిషో తేల్చుకునే సన్నివేశం వస్తుంది. ఆ సీన్‌లో జీవి కన్నా కుర్చీలకు కట్టేసి కూర్చున్న మనుషులు ఒకరినొకరు చూసుకునే చూపే ఎక్కువ భయపెడుతుంది. అనుమానం కథకు కావాల్సిన ముడిసరుకు అదే: తప్పించుకోలేని చోటు, నష్టం జరుగుతుందన్న గ్యారంటీ, తేల్చుకోవడానికి ఒక పరీక్ష.

నెల్లూరు తీరంలో ఇవి మూడూ ఉన్న చోటు రొయ్యల చెరువు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయి జనరేటరు వెంటనే అందుకోకపోతే రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. ఒక పంటకు మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పు చేసి వేసినవాళ్లే ఎక్కువ. కోతకు వారం ముందు ఎవరో చెరువులో మందు కలుపుతారన్న పుకారు చాలు, గట్టు మీద కాపలా ఉన్న అన్నదమ్ములు కూడా ఒకరినొకరు నమ్మరు.

పాత్రలు కచ్చితంగా ముగ్గురు ఉండాలి. ఇద్దరుంటే నేను కాదు కాబట్టి నువ్వే అని తేలిపోతుంది. నలుగురుంటే పన్నెండు నిమిషాల్లో ఎవరి గొడవ ఏమిటో చూసేవాడికి గుర్తుండదు. ముగ్గురిలో ఏ ఇద్దరు కలిసినా మూడోవాడి మీద పడొచ్చు, ఐదు నిమిషాలకోసారి ఆ జట్టు మారొచ్చు. యజమాని ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేస్తాడు. తనకు చేసినట్టు మిగతా ఇద్దరికీ చేశాడని ఎవరికీ తెలియదు, చూసేవాళ్లకు మాత్రం తెలుసు. తూము కింద ఖాళీ పురుగుమందు డబ్బా దొరుకుతుంది. అది ఎన్నాళ్లుగా అక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఇక పరీక్ష ఒకటి కావాలి: ‘ఈ చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగు’ అని ఒకడు అంటాడు. తాగనివాడు దొంగ అవుతాడు. తాగినవాడు కూడా ‘విరుగుడు తెలిసే తాగాడు’ అనిపించుకుంటాడు. ఆ రెండో మలుపు దగ్గరే కథ గడ్డకడుతుంది.

ఇక్కడ డైలాగు వినపడగానే భయం పుట్టాలంటే మామూలు మాటే వాడాలి. ‘రాత్రి యాడుండావు?’ అని ఒకడు నెమ్మదిగా అడిగితే వచ్చే వణుకు, ‘నిన్ను చంపేస్తాను’ అని అరిస్తే రాదు. టీవీ సీరియల్ భాష వదిలేసి, గట్టు మీద కాపలా వాళ్లు నిజంగా మాట్లాడుకున్నట్టే రాయండి.

చిక్కులు రెండున్నాయి. ఏరేటర్ చప్పుడు కింద డైలాగు రికార్డు చేస్తే ఒక్క ముక్క పనికిరాదు. ఏరేటర్లు ఆపమని రైతును అడగడం తప్పు, ఆయన ఆపలేడు. అందుకని వెడల్పాటి షాట్లు అక్కడే మాటల్లేకుండా తీసి, మాటలున్న దగ్గరి షాట్లు ఏరేటర్లకు దూరంగా ఉన్న ఖాళీ చెరువు గట్టు మీద తీయండి. ఏరేటర్ శబ్దం విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసుకుని ఎడిటింగ్‌లో అడుగున సన్నగా పరవండి. రెండో చిక్కు అనుమతి. తెల్లమచ్చ లాంటి జబ్బులు కాళ్లతో, వలలతో ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకుతాయన్న భయంతో రైతులు బయటివాళ్లను గట్టెక్కనివ్వరు. అది న్యాయమే. రొయ్యలు పట్టేసి నీళ్లు తీసేసిన చెరువును అడగండి. ఏరేటర్ల కరెంటు వైర్లు నీటి పక్కనే పరిచి ఉంటాయి. తడి కాళ్లతో, ఇనుప స్టాండుతో వాటి దరిదాపులకు పోవద్దు.

మిగతా మూడు, క్లుప్తంగా

దురాశకు గుప్తనిధి కథ అందరికీ తడుతుంది. 2018 నాటి హిందీ సినిమా తుంబాడ్ ఈ దారిలో ఎంత లోతుకు పోవచ్చో చూపింది. అందులో రాక్షసుడు తన గోతిలోనే ఉంటాడు, తాడు పట్టుకుని మళ్లీ మళ్లీ దిగేది మనిషి. రాక్షసుడికి ఎరగా వేసే పిండిబొమ్మ ఒక్కదానితో సరిపెట్టుకోక చాలా బొమ్మలు తీసుకెళ్లిన రోజే కొంప మునిగింది. దురాశ కథ రాసేవాళ్లు పట్టుకోవాల్సింది ఆ లెక్కనే: ప్రతిసారీ ‘ఇంకొంచెం’ ఎంత పెరిగిందో కంటికి కనపడాలి. ఖర్చు మాత్రం ఊహించినదానికన్నా పెరుగుతుంది. గొయ్యి, దీపాలు, పాత సామాను, మట్టి పట్టిన బట్టలు, అన్నీ రెండు జతలు కావాలి. తీరంలో ఇసుక నేల మీద నడుము లోతు దాటి తవ్వితే పక్క గోడలు కూలతాయి. మూడడుగుల గొయ్యి చాలు, కెమెరాను గోతిలో నేలకానించి పైకి చూపిస్తే పదడుగుల లోతు కనిపిస్తుంది. పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర పొరపాటున కూడా నేల కదపొద్దు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే. ఇంటి స్థలం పంచుకునే అన్నదమ్ముల కథలో కూడా దురాశ ఉంది, దానికి గొయ్యి అక్కర్లేదు. మాకైతే అదే ఎక్కువ ఇష్టం.

అధికారం కథకు 2024 నాటి మలయాళ సినిమా భ్రమయుగం పాఠం లాంటిది. నలుపు తెలుపు బొమ్మ, ఒక పాత ఇల్లు, ముఖ్యంగా ముగ్గురు మనుషులు. ఇంటి యజమాని పాచికలాటకు పిలిచి, దారి తప్పి వచ్చినవాడి కాలాన్నే పందెం కాయిస్తాడు. ఆ ఇంట్లో అన్నం పెట్టేది అతనే, తలుపు తీసేదీ అతనే. ఇక్కడ అలాంటి పాత్రకు రాజో మాంత్రికుడో కానక్కర్లేదు. హాస్టల్ వార్డెన్ చాలు, అడ్వాన్సు ఇచ్చి పనిలో పెట్టుకున్న మేస్త్రీ చాలు. అయితే ఆ పాత్ర గొంతు పెంచకుండా, నవ్వు చెరగకుండా పది నిమిషాలు నిలబెట్టగల నటుడు మీకు ఉండాలి. నెల్లూరు, ఒంగోలులో నాటకాలాడిన పెద్దవాళ్లున్నారు, వాళ్లలో ఒకరిని ఒప్పించండి. ఒప్పించలేకపోతే ఈ ఎంపిక వదిలేయండి. కొత్త కుర్రాడికి గడ్డం అంటించి కూర్చోబెడితే నిలవదు.

గుంపు అన్నిటికన్నా భయంకరమైనది. 2023లో వచ్చిన విరూపాక్షలో కథకు విత్తనం పడింది ఎక్కడో చూడండి: 1979లో ఊరివాళ్లంతా కలిసి చేతబడి నెపంతో ఒక జంటను సజీవంగా తగలబెట్టడం. 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లో శవాల నుంచి రాత్రంతా బతికి బయటపడిన నాయకుణ్ని తెల్లారాక తుపాకులు పట్టిన మనుషులే కాల్చేస్తారు. ఇంత బలమున్నా తొలి సినిమాకు ఎందుకు వద్దంటున్నామంటే, గుంపు కనపడాలంటే కనీసం పదిహేను ఇరవై మంది కావాలి. రాత్రిపూట అంతమందికి భోజనం, నీళ్లు, ఇంటికి చేర్చడం, అరుపులు విని వచ్చే ఊరివాళ్లకు సమాధానం చెప్పడం నలుగురి బృందం వల్ల కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మంత్రగాడి పాత్రకు యానాది వేషమో చెంచు వేషమో వేసేయడం మన దగ్గర చాలా తేలిగ్గా జరిగిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి. చెరువుల కాపలా నుంచి అడవి తేనె దాకా మన పక్కనే బతుకుతున్న మనుషుల మీద అనుమానం నాటడమే అవుతుంది. గుంపు కథ తీస్తే అనుమానించినవాళ్ల వైపు కెమెరా తిప్పండి, అనుమానానికి గురైనవాడిని వింతగా చూపకండి.

మీ దగ్గరున్నదాన్ని బట్టి తేల్చుకోవడం

ముందుగా మీ బృందంలో ఎవరు ఏ పనిలో గట్టివాళ్లో చూసుకోండి. శబ్దం బాగా రికార్డు చేసేవాడుంటే దాచిన తప్పు కథ. డైలాగు రాసేవాడుంటే అనుమానం కథ. బొమ్మలు గీసి, సామాను తయారు చేయగలవాడుంటే దురాశ. ఏదీ బలంగా లేదనుకుంటే దాచిన తప్పు కథనే తీసుకుని, మాటలు సగానికి తగ్గించండి.

స్క్రిప్టు ఒక పేజీకి ఒక నిమిషం లెక్కేసుకోండి. ఒక రాత్రిలో కొత్త బృందం నిబ్బరంగా తీయగలిగేది పదిహేను నుంచి ఇరవై షాట్లు. పది నిమిషాల సినిమాకు నలభై షాట్లు రాసుకుంటే రెండు రాత్రులు బిగుతుగా సరిపోతాయి, ఎనభై రాసుకుంటే రెండో రాత్రి మూడింటికి అందరూ విసిగి అసలు సన్నివేశాన్నే తొక్కేస్తారు. ముఖ్యమైన సీన్ మొదటి రాత్రి పదిలోపు తీసేయండి.

ఉదయగిరి కోట, మైపాడు బీచ్, పాడుబడ్డ గెస్ట్‌హౌస్ అందరినీ లాగుతాయి. మనిషి భయం కథలకు అవి అంతగా కలిసిరావు. మనుషులు కాపురముంటున్న రెండు గదుల ఇంట్లో, గోడ మీద క్యాలెండరు, దండెం మీద ఆరేసిన లుంగీ ఉన్నచోట జరిగితేనే చూసేవాడు ఇంటికెళ్లాక తన దండెం వైపు చూస్తాడు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఈ తీరాన్నే తాకుతాయి కాబట్టి బయటి షూటింగ్ జనవరి నుంచి మార్చిలోపు పెట్టుకోండి. రాత్రి షూటింగ్ సంగతి ఊరి పెద్దలకు, పోలీస్ స్టేషనుకు ముందే చెప్పండి. ఆటోలో దుప్పటి కప్పిన డమ్మీ శవాన్ని తీసుకెళ్తుంటే చూసినవాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు, చేయాలి కూడా.

శబ్దం, వెలుతురు: ఎక్కువ సినిమాలు పోయేది ఇక్కడే

మీ సినిమాను చాలామంది ఫోన్ స్పీకర్లో చూస్తారు. ఆ చిన్న స్పీకరుకు బాగా లోతైన బేస్ పలకదు. ఎడిటింగ్ గదిలో గుండెలదిరేలా వినిపించిన గుమ్మనే శబ్దం ఫోనులో వినపడనే వినపడదు. అందుకని భయాన్ని మధ్యస్థాయి శబ్దాల మీద కట్టండి: గడియ పడటం, స్టీలు గ్లాసు గచ్చు మీద జరగడం, మనిషి గుటకలు మింగడం. వీటిని షూటింగ్ అయ్యాక పగలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మైకును జానెడు దూరంలో పెట్టి విడిగా రికార్డు చేయండి. ప్రతి చోటా అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ గది శబ్దం కూడా పట్టుకోవాలి. అది లేకపోతే డైలాగుల మధ్య అతుకులు తెలుస్తాయి. కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద, బట్ట రాసుకోకుండా పెట్టండి. తీరం గాలికి మైకు మీద బొచ్చు కవరు తప్పనిసరి.

ఇక వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోను కెమెరాను సెకనుకు 25 ఫ్రేములకు, షటర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 1/50కి లాక్ చేయండి. 1/60లో తీస్తే చౌక ఎల్ఈడీ బల్బుల కింద బొమ్మ మీద పట్టీలు పరుగెడతాయి, ఎడిటింగ్‌లో పోవు. ఎక్స్‌పోజరు (వెలుగు మోతాదు), ఫోకసు, వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) మూడూ లాక్ చేయకపోతే మనిషి తల తిప్పినప్పుడల్లా ఫోను తనంతట తాను వెలుగు మార్చేస్తుంది, చీకటి బూడిదరంగుకు తిరుగుతుంది. గదికి తొమ్మిది వాట్ల పసుపు బల్బు ఒకటి, అది కూడా నటుడి వెనకో పక్కనో పెట్టండి. ముఖం మీద సగం నీడ ఉండాలి, రెండో కన్ను కనపడీ కనపడకుండా ఉండాలి. బయటి ‘రాత్రి’ వెడల్పు షాట్లు సూర్యుడు దిగాక వచ్చే ఇరవై నిమిషాల్లోనే తీసేయండి, ఆ తర్వాత ఫోనుకు మచ్చలు తప్ప ఏమీ పడవు. ఏసీ గదిలోంచి ఫోను తీసి నేరుగా బీచ్ గాలిలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచిలో పెట్టి బయట ఉంచండి.

రక్తం తప్పదనుకుంటే చిక్కటి పంచదార పాకం ఒక కప్పు, ఎర్ర ఫుడ్ కలర్ అర చెంచా, కోకో పొడి పావు చెంచా. కోకో వేయకపోతే గులాబీరంగులో కనిపిస్తుంది. పాకం కాబట్టి పావుగంటలో చీమలు పడతాయి, తెల్ల బట్టకు మరక పోదు. రెండో చొక్కా దగ్గర పెట్టుకోండి. అయినా ఈ ఐదు రకాల కథల్లో రక్తం అవసరం పడేది చాలా తక్కువ.

దెయ్యం ఉండి తీరాలంటే

ఉంచుకోండి, మాకేమీ అభ్యంతరం లేదు. రెండు షరతులు పాటిస్తే చాలు. సినిమాలో మూడింట రెండు వంతులు అయ్యేదాకా అది కనపడకూడదు. కనపడ్డాక, తప్పు చేసిన మనిషి మనసులో ఇదివరకే ఉన్నదాన్ని మించి ఏమీ చేయకూడదు. సంపు కథలో ఆ పిల్ల కనిపిస్తే ఓనరు గొంతు పిసకక్కర్లేదు. రోజూ పిల్లాడు ఆడుకునే చోట కూర్చుని, మేడ మీదున్న అతని వైపు చూస్తే సరిపోతుంది. అది కల్పనో నిజమో చివరిదాకా తేల్చొద్దు. తాయెత్తులు కట్టే స్వామిని తెచ్చి పరిష్కారం చేయిస్తే తప్పు చేసినవాడి చేతుల్లోంచి బాధ్యత జారిపోతుంది, అంతవరకు కట్టిన భయం మొత్తం అక్కడే పోతుంది.

ఎడిటింగ్ ఒక దశకు వచ్చాక, బృందంలో లేని ఐదుగురికి విడివిడిగా, ఫోనులో, ఇయర్‌ఫోన్స్ లేకుండా చూపండి. మీరు తెర వైపు చూడొద్దు, వాళ్ల కళ్లను చూడండి. చూపు పక్కకు తిరిగిన ప్రతిచోటా టైము రాసుకోండి. అయ్యాక ‘భయమేసిందా’ అని అడగొద్దు, మర్యాదకు అవునంటారు. ‘వాడి స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివి?’ అని అడగండి. తడుముకుని, కాసేపాగి జవాబిస్తే కథ పట్టుకున్నట్టే. వెంటనే ‘పోలీసులకు చెప్పేవాణ్ని’ అంటే, పాత్ర ఎందుకు చెప్పలేకపోతోందో మొదటి మూడు నిమిషాల్లో మీరు చూపలేదని అర్థం. అప్పుడు మొదటి మూడు నిమిషాలే మళ్లీ తీయాలి, క్లైమాక్స్ ముట్టుకోకండి.